చూడి పిల్లి ఇంటికి వచ్చి చేరితే: పురుడు పోయడం, కూనలను సాకడం ఎలా?

వీధిలో తిరిగే పిల్లి నిండు కడుపుతో మీ మెట్ల కిందికో, పాత సామాన్ల గదిలోకో వచ్చి చేరి ఉండవచ్చు, లేదా మీరే జాలిపడి దానిని ఇంటికి తెచ్చి ఉండవచ్చు. ఇప్పుడేం చేయాలన్న ప్రశ్న పాఠకుల నుంచి పదేపదే వస్తోంది, ఎండలు ముదిరిన కొద్దీ మరీ ఎక్కువగా వస్తోంది. చాలా పిల్లులు మనిషి సాయం లేకుండానే ఈనుతాయి కాబట్టి మీ పనిలో ముఖ్య భాగం చోటు చూపించి, గడియారం చూస్తూ, ఆ తర్వాత రోజూ కాటా చూడటమే. చేయి పెట్టవలసిన సందర్భాలు కొన్నే అయినా అవి వచ్చినప్పుడు పుస్తకం తిరగేసే వ్యవధి ఉండదు. అందుచేత ఇదంతా కాన్పుకు ముందే ఒకసారి చదివి ఉంచుకోండి.

అన్నిటికంటే ముందు మీ సంగతి చూసుకోవాలి. వీధి పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా రక్కినా ఆ చోటును పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాల పాటు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోవాలి. చిన్న గాటే కదా అని పసుపు అద్ది ఊరుకోకూడదు. ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లి మలం ఎత్తే పని ఆమె చేయకూడదు. ఇంట్లో ఇదివరకే పిల్లులు ఉంటే కొత్త పిల్లిని కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి.

కావలసినవి

• తల్లి కాళ్ళు చాపుకొని పడుకోగలిగేంత అట్టపెట్టె. సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే సరిపోతుంది. తల్లి దాటగలిగి, కూనలు దొర్లి బయట పడకుండా ఉండేలా ఒక వైపు అడుగు నుంచి 15 సెంటీమీటర్ల గోడ వదిలి పైభాగం కత్తిరించాలి.
• పాత వార్తాపత్రికలు, ఉతికి ఆరబెట్టిన పాత నూలు చీరల, లుంగీల ముక్కలు. కుచ్చులున్న తువ్వాళ్ళను పరుపుగా వేయవద్దు. కూనల గోళ్ళు వాటిలో చిక్కుకుంటాయి, ఊడిన దారాలు కాళ్ళకు బిగుసుకుంటాయి.
• ఒక గ్రాము తేడానైనా చూపే వంటింటి డిజిటల్ కాటా.
• పిల్లికి మాత్రమే వాడే డిజిటల్ థర్మామీటరు.
• పావిడోన్ అయోడిన్ ద్రావణం, దూది, నీళ్ళలో మరిగించిన కత్తెర, మందపాటి నూలు దారం.
• వేడినీళ్ళ రబ్బరు సంచి, లేదా మూత గట్టిగా బిగిసే సీసా.
• పిల్లికూనల కోసమే తయారైన పాలపొడి డబ్బా ఒకటి, కూనలకు పాలు పట్టే చిన్న సీసా. చిన్న ఊళ్ళలో ఇవి వెంటనే దొరకవు కాబట్టి ముందే తెప్పించుకోండి. అవసరం పడకపోతే మంచిదే.
• మూత ఉన్న మోసే బుట్ట. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తే చేతుల్లో పెట్టుకొని తీసుకెళ్ళడం కుదరదు.

1. పశువైద్యునికి చూపించండి

పిల్లి చూడి కాలం సుమారు 63 నుంచి 65 రోజులు. వీధి పిల్లి ఎప్పుడు కట్టిందో మనకు తెలియదు కాబట్టి రోజులు లెక్కపెట్టే వీలు ఉండదు, వైద్యుడు చేతితో తడిమి, స్కానింగ్ చేసి అంచనా చెబుతారు. కడుపులో కూనల ఎముకలు గట్టిపడిన తర్వాత, అంటే చివరి రెండు వారాల్లో ఎక్స్‌రే తీయిస్తే కూనలు ఎన్నో తెలుస్తుంది. ఖర్చయినా ఈ ఎక్స్‌రే తీయించమనే నా సలహా, ఎందుకంటే కాన్పు రాత్రి ‘ఇంకా ఉన్నాయా, అయిపోయిందా’ అన్న ఆందోళనకు జవాబు చెప్పేది ఆ అంకె ఒక్కటే. చూడితో ఉన్న పిల్లికి టీకాలు, నులిపురుగుల మందు, పేల మందు ఏవీ సొంతంగా ఇవ్వకూడదు. నెలలు ఇంకా నిండకపోతే గర్భసంచి తొలగించే శస్త్రచికిత్స కూడా సాధ్యమే. ఆ నిర్ణయం వైద్యునితో మాట్లాడి మీరే తీసుకోవాలి.

వైద్యుణ్ణి తప్పక అడగవలసిన మాట ఒకటుంది: రాత్రిపూట సిజేరియన్ అవసరమైతే ఎక్కడికి తీసుకెళ్ళాలి? పశువుల సంచార వైద్యానికి ఉన్న 1962 నంబరు ప్రధానంగా పాడి పశువుల, జీవాల కోసం ఉద్దేశించినది, దాని మీదే ఆధారపడవద్దు. హైదరాబాదు రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వంటి చోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నాయి. వాటికి దగ్గరలో ఉన్నవారు అక్కడ ఏ వేళల్లో చూస్తారో ముందే కనుక్కోవాలి.

2. తిండి విషయం

పెరుగన్నం, పాలన్నం పెట్టి పిల్లిని సాకిన ఇళ్ళు మనకు కొత్త కాదు కానీ, చూడి పిల్లికి, పాలిచ్చే పిల్లికి ఆ తిండి చాలదు. పిల్లికూనల కోసం అమ్మే ఆహారాన్నే ఈ సమయంలో తల్లికి పెట్టాలి, ఎందుకంటే దానిలో మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువ. కడుపు నిండుగా ఉన్నప్పుడు ఒకేసారి ఎక్కువ తినలేదు కాబట్టి రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. దానితోపాటు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసం, ముళ్ళు తీసిన చేప, ఉడికించిన గుడ్డు పెట్టవచ్చు. మసాలా పులుసులో మిగిలిన ముక్క కడిగి పెట్టినా పనికిరాదు, ఉల్లిపాయ పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తుంది.

మనుషులకు ఇచ్చినట్లే చూడి పిల్లికి కాల్షియం మాత్రలు ఇవ్వడం తరచూ జరిగే పొరపాటు. బయటి నుంచి కాల్షియం ఎక్కువగా అందితే ఎముకల్లోని నిల్వను తీసుకొని వాడుకునే శక్తి శరీరానికి మందగిస్తుంది. అప్పుడు పాలు పడిన తర్వాత రక్తంలో కాల్షియం హఠాత్తుగా పడిపోయే ముప్పు తగ్గకపోగా పెరుగుతుంది. వైద్యుడు చెబితే తప్ప ఇవ్వకండి.

3. చోటు సిద్ధం చేయండి

మనుషుల రాకపోకలు లేని, వెలుతురు తక్కువగా ఉండే గది మూల ఎంచుకోండి. గండుపిల్లులు చొరబడకుండా కిటికీలకు వల ఉండాలి, అవి కూనలను చంపుతాయి. కాన్పుకు రెండు వారాల ముందే పెట్టె అక్కడ పెట్టి, తిండి, నీళ్ళు, ఇసుక తొట్టె అదే గదిలో కొంచెం ఎడంగా ఉంచితే పిల్లికి అలవాటవుతుంది. మీరు ముచ్చటపడి సిద్ధం చేసిన పెట్టెను వదిలేసి అది బట్టల అల్మారా అడుగున చేరితే పట్టుబట్టవద్దు, పెట్టెనే అక్కడికి జరపండి. పదేపదే కదిలిస్తే, చూడటానికి వచ్చేవాళ్ళు ఎక్కువైతే, పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందన్న మాట మీ కళ్ళ ముందే నిజమవుతుంది.

మన ఇళ్ళలో కూనలకు చీమలూ పెద్ద గండమే. ఉమ్మనీరు, రక్తం, పాల వాసనకు ఎర్రచీమలు బారులు తీరి వచ్చి, కదలలేని కూనల కళ్ళు, ముక్కు, బొడ్డు చుట్టూ పట్టేస్తాయి. పెట్టెను నేల మీద కాకుండా పొట్టి బల్ల మీదో, పీట మీదో ఉంచి, దాని కోళ్ళ కింద నీళ్ళు పోసిన గిన్నెలు పెట్టండి. బల్ల గోడను తాకకూడదు, గుడ్డ కొస నేలకు వేలాడకూడదు, లేకపోతే చీమలకు వంతెన వేసినట్లే. చీమల చాక్‌పీసు, చీమల పొడి ఆ గదిలో వాడకూడదు, వాటిలో ఉండే మందులు పిల్లులకు విషం. నేల తుడవడానికి ఫినాయిల్ కూడా అంతే ప్రమాదం. సబ్బు నీళ్ళతో తుడిచి, మామూలు నీళ్ళతో మళ్ళీ తుడిస్తే చాలు. కర్పూరం, కలరా ఉండలు ఆ గదిలో నుంచి తీసేయండి.

4. ఘడియ దగ్గరపడిందని ఎలా తెలుస్తుంది?

చనుమొనలు ఉబ్బి, నొక్కకుండానే పాల చుక్క కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో ఈనవచ్చు. తిండి మానేయడం, పెట్టెలోని గుడ్డలను కాళ్ళతో గీరడం, వెనుక భాగాన్ని అదేపనిగా నాకడం, అటూ ఇటూ తిరుగుతూ అరవడం కూడా గుర్తులే. పిల్లి మీకు మచ్చికైతే చివరి వారంలో రోజుకు రెండుసార్లు మలద్వారంలో ఉష్ణోగ్రత చూడవచ్చు. మామూలుగా 100 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉండే వేడి 100 కంటే కిందికి దిగితే సాధారణంగా 24 గంటలలోపు నొప్పులు మొదలవుతాయి. మచ్చిక కాని పిల్లి అయితే ఈ పరీక్ష జోలికి పోవద్దు. మీ చేతికి గాట్లు, దానికి బెదురు తప్ప దక్కేదేమీ లేదు.

5. కాన్పు జరుగుతున్నప్పుడు

మొదటి దశలో గర్భసంచి ద్వారం తెరుచుకుంటుంది. ఇది కొన్ని గంటల నుంచి, తొలిచూలు పిల్లికైతే దాదాపు ఒక రోజు వరకు సాగవచ్చు. ఈ దశలో అది నోరు తెరిచి రొప్పినా, గురగురమన్నా, మీ వెంటే తిరిగినా కంగారు పడనక్కరలేదు. రెండో దశలో పొట్ట బిగపట్టి ముక్కడం కనిపిస్తుంది. ఆ క్షణం నుంచి కాగితం మీద వేళ రాయడం మొదలుపెట్టండి: ముక్కడం మొదలైన వేళ, ఒక్కో కూన బయటపడిన వేళ, దాని వెంట మాయ పడిందా లేదా.

కూన ఉమ్మనీటి సంచిలో గాని, సంచి చిరిగి గాని బయటికి వస్తుంది. తల్లి సంచిని చీల్చి, కూనను గరుకు నాలుకతో గట్టిగా నాకి, బొడ్డుతాడు కొరికి, మాయను తినేస్తుంది. మాయ తింటే తప్పేమీ లేదు, మరీ ఎక్కువైతే విరేచనాలు కావచ్చు, అంతే. ఎదురుకాళ్ళతో పుట్టే కూనలు పిల్లుల్లో చాలా మామూలు, కాళ్ళు ముందు కనిపించినంత మాత్రాన ఆపద అనుకోకూడదు. రెండు కూనల మధ్య సాధారణంగా పది నిమిషాల నుంచి గంట వరకు పడుతుంది. కొన్ని పిల్లులు సగం కూనలను ఈని, నెమ్మదించి, పాలిచ్చి, తిండి తిని, చాలా గంటల తర్వాత మిగతావాటిని ఈనుతాయి. తల్లి ప్రశాంతంగా ఉండి, ముక్కకుండా ఉంటే ఈ విరామానికి భయపడక్కరలేదు, అయితే వైద్యునికి ఫోను చేసి చెప్పి ఉంచడం మంచిది. ఎక్స్‌రే అంకె చేతిలో ఉంటే ఇక్కడే పనికొస్తుంది.

ఈ సమయంలో పెద్ద లైట్లు, ఫోను ఫ్లాష్‌తో వీడియోలు, ఇరుగుపొరుగు పిల్లల గుంపు, ఏవీ వద్దు. ఒక్కరే, దూరంగా కూర్చోవాలి.

కింది వాటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి బయలుదేరాలి:

• 20 నుంచి 30 నిమిషాలు గట్టిగా ముక్కినా కూన రాకపోవడం.
• కూన సగం బయటికి వచ్చి పది నిమిషాలు దాటినా పూర్తిగా రాకపోవడం.
• ఒక్క కూనయినా పుట్టకముందే ఆకుపచ్చని స్రావం కనిపించడం.
• ఎర్రని తాజా రక్తం పది నిమిషాలకు పైగా కారడం.
• కూన పుట్టి రెండు గంటలు దాటినా లోపల ఇంకా కూనలు ఉండి, తల్లి అలజడిగా ఉండటం.
• తల్లి సొమ్మసిల్లడం, వణకడం.

నొప్పులు రావడం లేదని మందుల దుకాణం నుంచి ఆక్సిటోసిన్ తెచ్చి ఇవ్వడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. కూన అడ్డం పడి ఉంటే ఆ మందుతో గర్భసంచి చిరిగిపోవచ్చు.

6. తల్లి పట్టించుకోకపోతే

తొలిచూలు పిల్లి ఒక్కోసారి కూన బయటపడినా అయోమయంగా చూస్తూ ఉంటుంది. ఒకటి రెండు నిమిషాలు గడిచినా అది సంచిని చీల్చకపోతే మీరు రంగంలోకి దిగాలి. సబ్బుతో కడిగిన చేతులతో కూన ముఖం దగ్గర సంచిని గిల్లి పట్టుకొని చీల్చి, ఆ పొరను తల మీదుగా వెనక్కు తీసేయండి. సంచి పలుచగా, జారుడుగా ఉంటుంది, వేళ్ళకు దొరక్కపోతే పొడి గుడ్డతో పట్టుకోండి. ముక్కు, నోరు గుడ్డతో తుడిచి, తల కొంచెం కిందికి వంచి పట్టుకొని, పొడి గుడ్డలో పెట్టి వీపు, పక్కటెముకల మీద చురుగ్గా రుద్దండి. సున్నితంగా నిమిరితే చాలదు, తల్లి నాలుక ఎంత గట్టిగా రాస్తుందో అంత గట్టిగా రుద్దాలి. కూన నోరు తెరిచి గాలి పీల్చి, కీచుమని, నాలుక గులాబీ రంగుకు వస్తే గండం గడిచినట్లే. కదలకపోయినా పది పదిహేను నిమిషాలు మానకుండా ప్రయత్నించాలి. కూనను చేతుల్లో పట్టుకొని గిర్రున ఊపే పద్ధతి కొందరు ఇప్పటికీ చెబుతుంటారు. దానివల్ల మెదడు దెబ్బతింటుంది, చేయకండి.

బొడ్డుతాడును కోయడానికి తొందరేమీ లేదు. కూన ఊపిరి కుదుటపడ్డాక, పొట్ట నుంచి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో దారంతో గట్టిగా ముడివేసి, ముడికి అవతలి వైపు, అంటే మాయ ఉన్న వైపు, కత్తిరించి, కొసకు అయోడిన్ అద్దాలి. తాడును కూన పొట్ట నుంచి దూరంగా లాగితే పేగులు బయటికి వచ్చే ప్రమాదం ఉంది. పని ముగిసిన వెంటనే కూనను తల్లి పొట్ట దగ్గర పెట్టండి.

సగం వచ్చి ఆగిన కూనను ఆసుపత్రికి చేరేలోపు మీరే తీయవలసి వస్తే, శుభ్రమైన గుడ్డతో దాని ఒంటిని పట్టుకొని, తల్లి ముక్కినప్పుడు మాత్రమే, తల్లి వెనుక కాళ్ళ వైపుకు కిందికి వంచుతూ నెమ్మదిగా లాగాలి. తలనో, ఒక్క కాలునో పట్టుకొని లాగకూడదు.

7. మొదటి 24 గంటలు

కూనలు పుట్టిన రెండు గంటల్లోపు జున్నుపాలు తాగాలి. రోగనిరోధక శక్తినిచ్చే ఆ పాలను కూన పేగులు గ్రహించగలిగేది మొదటి పదహారు గంటల ప్రాంతం వరకే. అన్నీ చనుమొనలు పట్టాయో లేదో కళ్ళతో చూసి నిర్ధారించుకోండి. బలహీనమైన దానిని పాలు ఎక్కువగా ఉండే వెనుక చనుమొనలకు మీరే పట్టించండి. మనిషి చేయి తాకితే తల్లి పిల్లలను ముట్టదన్న మాట పెంపుడు పిల్లుల విషయంలో నిజం కాదు, శుభ్రమైన చేతులతో అవసరం మేరకు ముట్టుకోవచ్చు.

అంగిలి చీలిక ఉందేమో ప్రతి కూన నోరు తెరిచి చూడండి. పాలు తాగుతుంటే ముక్కులోంచి బయటికి వచ్చే కూనను ఆ రోజే వైద్యునికి చూపాలి. పుట్టిన కూనల లెక్కతో పడిన మాయల లెక్క సరిపోకపోతే ఆ సంగతి కూడా చెప్పండి, తల్లి తినేసి ఉండవచ్చు గాని, లోపల మిగిలితే చీము పడుతుంది.

8. వేడి, చలి

మొదటి వారంలో కూనలకు వణికి ఒళ్ళు వెచ్చబరచుకునే శక్తి ఉండదు. పెట్టె లోపల 30 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. రెండో వారంలో 27 నుంచి 29 చాలు. డిసెంబరు రాత్రుల్లో, ఏసీ గదుల్లో వేడినీళ్ళ సంచిని గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక పక్కన మాత్రమే ఉంచండి, వేడెక్కిన కూన చల్లని వైపుకు పాకడానికి చోటుండాలి. నీళ్ళు చల్లారిన సంచిని తీసేయాలి, లేకపోతే అదే వాటి వేడిని లాగేస్తుంది.

విదేశీ సలహాలు చదివి మే నెలలో విజయవాడలోనో, ఖమ్మంలోనో పెట్టెకు బల్బు వేలాడదీసేవారు ఉన్నారు. గదే 40 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రమాదం చలి కాదు, వడదెబ్బ. గదిని చల్లబరచి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా తిప్పి, నీళ్ళ గిన్నె తల్లికి దగ్గరగా పెట్టండి. కూనలే థర్మామీటరు: ఒకదానిపై ఒకటి కుప్పగా చేరి అరుస్తుంటే చలి, దూరదూరంగా పడి ఒళ్ళు ఎర్రబడి రొప్పుతుంటే వేడి, పక్కపక్కన ఒదిగి నిద్రలో చిన్నగా ఉలికిపడుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్లు.

9. రోజూ తూచండి

కూన పుట్టినప్పుడు సుమారు 90 నుంచి 110 గ్రాములు ఉంటుంది. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. రెండు వారాలు నిండేసరికి పుట్టినప్పటి బరువుకు రెట్టింపు గాని, అంతకు మించి గాని ఉంటుంది. రోజూ ఒకే వేళకు, గిన్నెలో గుడ్డ వేసి, కాటాను సున్నాకు తెచ్చి తూచి రాసుకోండి. అన్నీ ఒకే రంగులో ఉంటే ఒక్కోదానికి ఒక్కో చోట కొద్దిగా వెంట్రుకలు కత్తిరిస్తే గుర్తుపట్టవచ్చు. మెడకు దారం మాత్రం కట్టకూడదు. మొదటి రోజు కొన్ని గ్రాములు తగ్గినా ఫరవాలేదు. ఆ తర్వాత 24 గంటల్లో ఏమీ పెరగని కూనకు పైపాలు అందించాలి, తగ్గుతున్న కూనను వైద్యునికి చూపాలి. కంటికి బొద్దుగా కనిపించే కూన బరువు తగ్గుతున్న సంగతి కాటా ముందే చెబుతుంది.

10. పైపాలు పట్టవలసి వస్తే

ఆవుపాలు, గేదెపాలు, పసిపిల్లల డబ్బాపాలు పనికిరావు, విరేచనాలతో కూన రెండు రోజుల్లో నీరసించిపోతుంది. కూనల పాలపొడిని డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలిపి, మణికట్టు మీద చుక్క వేస్తే గోరువెచ్చగా అనిపించేంత వేడిలో పట్టాలి. మొదటి వారంలో పగలూ రాత్రీ రెండు మూడు గంటలకొకసారి పట్టాలి.

ఒళ్ళు చల్లబడిన కూనకు పాలు పట్టకూడదు, పేగులు పనిచేయక పాలు లోపలే పులుస్తాయి. ముందు దానిని మీ ఒంటికి ఆనించి అరగంటకు పైగా నెమ్మదిగా వెచ్చబరచండి. పాలు తాగేటప్పుడు కూన బోర్లా, తల్లి దగ్గర తాగే తీరులోనే ఉండాలి. మనిషి బిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సీసా పిండవద్దు, అదే చప్పరించాలి. తాగిన ప్రతిసారీ తడి దూదితో పొట్ట కింది భాగం, మలమూత్ర ద్వారాల దగ్గర మృదువుగా రుద్దితేనే అది మూత్రం, మలం విసర్జించగలదు. తల్లి ఉంటే ఆ పని తల్లే నాకి చేస్తుంది.

11. తల్లిని గమనించడం మరవకండి

ఎరుపు, గోధుమ రంగులు కలిసిన కొద్దిపాటి స్రావం మూడు వారాల వరకు ఉండవచ్చు. అది దుర్వాసన వేసినా, చీములా ఉన్నా, తల్లి తిండి మానేసినా గర్భసంచికి ఇన్‌ఫెక్షన్ సోకినట్లు అనుమానించాలి. ఏదైనా చనుమొన చుట్టూ గట్టిపడి, వేడిగా, ఎర్రగా ఉంటే పాలు గడ్డకట్టి చీము పట్టే దశ కావచ్చు. తల్లి నడక బిగుసుకుపోయి, కండరాలు వణికి, రొప్పుతుంటే అది కాల్షియం పడిపోవడం. గంటల్లో ప్రాణం పోగలదు కాబట్టి కూనలను దూరం చేసి, తల్లితో వెంటనే బయలుదేరండి. జ్వరంగా ఉందని పారాసెటమాల్ ఇవ్వకండి, ఒక్క మాత్రే పిల్లిని చంపగలదు.

12. మూడు వారాల తర్వాత

కూనల కళ్ళు ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెరుచుకుంటాయి. అంతకు ముందే రెప్ప కింద ఉబ్బి, చీము కనిపిస్తే గోరువెచ్చని నీటి దూదితో తుడిచి వైద్యునికి చూపండి. మూడో వారంలో తడబడుతూ నడుస్తాయి. నాలుగో వారంలో పళ్ళెంలో పాలపొడి కలిపిన మెత్తని తిండి పెట్టి, తక్కువ అంచు ఉన్న తొట్టెలో శుభ్రమైన ఇసుక ఉంచండి. నీటితో గడ్డకట్టే రకం లిట్టర్ వద్దు, కూనలు దానిని నోట్లో వేసుకుంటాయి. నులిపురుగుల మందు రెండు మూడు వారాల వయసు నుంచి, బరువు చెప్పి వైద్యుని దగ్గరే తీసుకోవాలి. పేలు, గోమార్లు కనిపిస్తే సన్నపళ్ళ దువ్వెనతో తీయండి. కుక్కలకు వాడే చుక్కల మందు వేస్తే కూనలు చనిపోతాయి. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాలకు, రేబిస్ టీకా మూడు నెలలకు.

కనీసం ఎనిమిది వారాలు నిండే వరకు కూనలను తల్లి నుంచి వేరు చేయకూడదు, పన్నెండు వారాలైతే ఇంకా మంచిది. ఈలోపు తలుపు విషయంలో ఏమరపాటు వద్దు: పాలిస్తూ ఉండగానే తల్లి మళ్ళీ ఎదకు వచ్చి కట్టవచ్చు. కూనలు పాలు మాని, తల్లి పాలు ఎండిన రెండు వారాలకు శస్త్రచికిత్స తేదీ ఇవ్వమని వైద్యుణ్ణి ఇప్పుడే అడిగి పెట్టుకోండి. కూనలను తీసుకెళ్ళేవారికి టీకా కార్డు, తింటున్న తిండి పేరు, రెండు రోజులకు సరిపడా అదే తిండి ఇచ్చి పంపండి.